ఉల్లిపాయకి ఒక మార్కు కోత

మా పర్లాకిమిడిలో ఒక స్కూలు (పేరెందుకు, ఊరు చిన్నది) పన్నెండో తరగతి బయాలజీ పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి, తలా రెండు పేజీల కాగితం చేతిలో పెట్టింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. సార్ దాన్ని ఒడియాలో వివరించారు. మేం తెలుగులో భయపడ్డాం.

పైన పెద్దక్షరాలతో ‘కోర్సు అంచనాలు, మార్కుల విధానం’ అని ఉంది. అంచనాలంటే పిల్లల దగ్గర్నుంచి స్కూలు ఆశించేవి. స్కూలు దగ్గర్నుంచి పిల్లలు ఏం ఆశించవచ్చో రాయాలంటే మూడో పేజీ కావాలి, జిరాక్సు ఖర్చు పెరుగుతుంది. ఆ ఇబ్బంది మేం అర్థం చేసుకున్నాం.

నేను చదివింది కామర్సు, చేసేది ఎరువుల కొట్లో లెక్కలు. బయాలజీ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ ఈ కాగితంలో ఉన్నవి ఎక్కువగా అంకెలే కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

సీబీఎస్ఈ బోర్డు లెక్క తేలికే. థియరీ 70, ప్రాక్టికల్ 30. పాసవ్వాలంటే రెండింట్లోనూ విడివిడిగా 33 శాతం రావాలి. సరిహద్దు దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడి ఇంటర్ పిల్లలకి 35. మా రెండూళ్ళ మధ్య దూరం కిలోమీటర్లలో కాక మార్కుల్లో చెప్పాలంటే రెండు.

ఇక ఆ 30 ఎలా పంచారో చూడండి. పెద్ద ప్రయోగానికి 5, చిన్న ప్రయోగానికి 4, స్లైడు తయారీకి 5, స్పాటింగ్‌కి (అంటే ముందు పెట్టిన నమూనాల్ని గుర్తుపట్టడానికి) 7, ప్రాజెక్టుకీ దాని వైవాకీ (నోటి పరీక్షకీ) 5, ప్రాక్టికల్ రికార్డుకీ వైవాకీ కలిపి 4. కూడి చూశాను, సరిపోయింది. కానీ స్కూలువాళ్ళ రెండు పేజీల కాగితంలో పేజీన్నర రికార్డు గురించే. నాలుగు మార్కుల సరుకుకి ముప్పాతిక గోడౌన్ రాసిచ్చారన్నమాట. మా కొట్లో ఇలా చేస్తే ఓనరు ఊరుకోడు. అయితే అది వ్యాపారం, ఇది విద్య.

రికార్డుకి బ్రౌన్ అట్ట, దానిమీద ప్లాస్టిక్ కవరు. బొమ్మ ఎడమ పేజీలో, రాత కుడి పేజీలో. పెన్సిలు హెచ్‌బీయే. భాగాల పేర్లకి గీతలు స్కేలుతోనే గీయాలి, ఒకదాన్నొకటి దాటకూడదు, పేర్లన్నీ కుడివైపున పెరేడ్‌లో నిలబడ్డట్టు ఒకే వరసలో ఉండాలి. రబ్బరు మరక కనబడితే అర మార్కు పోతుంది. షేడింగ్ చేసినా అర మార్కే. ఆలస్యానికి రోజుకి ఒక మార్కు. ఇక్కడ నాకొక అనుమానం వచ్చి నిలబడ్డాను.

“సార్, రికార్డుకి ఉన్నవే నాలుగు. ఐదో రోజు ఇస్తే ఐదోది ఎక్కడ్నుంచి తీస్తారు?”

“ఇంటర్నల్‌లో కట్ అవుతుంది” అన్నారు. ఏ ఇంటర్నల్ అని అడగబోతుంటే వెనక నుంచి ఎవరో చొక్కా లాగారు. కూర్చున్నాను.

రికార్డులో మొదటి ప్రయోగం ఉల్లి వేరు చివర కణవిభజన. మా అమ్మాయి అమ్మలు ఒక ఉల్లిపాయ తీసుకుని, అడుగున ఉన్న ఎండు వేర్లు బ్లేడుతో గోకేసి, గ్లాసు నిండా నీళ్ళు పోసి దానిమీద కూర్చోబెట్టింది. కిటికీలో పెట్టి రోజుకి పదిసార్లు చూసుకునేది. మూడో రోజుకి తెల్లగా, సేమ్యాల్లా వేర్లు దిగాయి. నిజం చెప్పాలంటే నేనూ రెండుమూడుసార్లు వంగి చూశాను. రోజూ తినేదే అయినా, అది బతికే ఉందని ఎప్పుడూ అనిపించలేదు.

ల్యాబ్ మాన్యువల్ ప్రకారం ఆ వేరు చివరల్ని పొద్దున్న ఎనిమిది, పది మధ్య కోసి మందునీళ్ళలో వేసెయ్యాలి. విభజనలో ఉన్న కణాలు ఎక్కువగా దొరికేది అప్పుడేనట. మా స్కూల్లో ఎనిమిది నుంచి పది వరకూ అసెంబ్లీ, ఫిజిక్సు, ఇంగ్లీషు. బయాలజీ ప్రాక్టికల్ మధ్యాహ్నం ఆఖరి రెండు పీరియడ్లు. అంటే ఉల్లిపాయ స్కూలు టైమ్‌టేబుల్ పాటించలేదు. విధానం ప్రకారం దానికీ ఒక మార్కు కోత పడాలి.

ల్యాబ్‌లో నలభై మందికి రెండు మైక్రోస్కోపులు. ఒకదానికి అద్దం లేదు. రంగు వేసే సీసాలో రంగు అయిపోయి, అడుగున ఎర్రటి గుర్తు మిగిలింది. ఉన్న నాలుగు చుక్కలూ నీళ్ళు కలిపి పంచారు. అమ్మలుకి కన్ను ఆనించడానికి దొరికింది అర నిమిషం.

“ఏటి కనబడింది?” అన్నాను ఇంటికొచ్చాక.

“ఇటుకల గోడలాగుంది నాన్నా. రెండు ఇటుకల్లో మాత్రం నల్లగా దారం ముక్కలున్నాయి. మధ్యలో పేద్ద సున్నా ఉంది.”

ఆ సున్నా గాలిబుడగ. పైన కప్పే పల్చటి గాజుముక్క, కవర్‌స్లిప్పు, వాటంగా పడకపోతే వస్తుందట. పిల్ల ఇటుకలూ వేసింది, దారం ముక్కలూ వేసింది, సున్నా కూడా వేసి గీత లాగి ‘గాలిబుడగ’ అని పేరు రాసింది. స్కేలుతోనే గీసింది. పక్క బెంచీ పిల్ల ఆ అర నిమిషం కూడా వృథా చేయకుండా ఇండెక్స్ నింపుకుని, రాత్రి గైడులోంచి కణవిభజన నాలుగు దశలూ అచ్చు గుద్దినట్టు దింపింది. ఆ పిల్లకి ‘గుడ్’ అనీ, పక్కన స్టారూ. మా పిల్లకి ఎర్ర ఇంకుతో, ‘పుస్తకంలో ఉన్నట్టు మళ్ళీ వేసి తీసుకురా.’

మొదట నాకు కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత నిదానంగా ఆలోచిస్తే సార్ వైపు న్యాయం కనబడింది. నలభై మంది పిల్లలు తమకి కనబడింది వేస్తే నలభై రకాల బొమ్మలొస్తాయి. అవన్నీ ఎవరు దిద్దుతారు? పుస్తకంలో ఉన్నది వేస్తే ఒక్క బొమ్మే, నలభైసార్లు. టిక్కు పెట్టడానికి రెండు సెకన్లు. పైగా కళ్ళు పొరపాటు పడొచ్చు, మైక్రోస్కోపుకి అద్దం లేకపోవచ్చు. గైడుకి ఏ లోపమూ లేదు.

ఈ విధానం, వంశపారంపర్యం లెక్క తేల్చిన మెండెల్ రోజుల్లో లేకపోవడం సైన్సుకి పెద్ద నష్టం. ఆయన బఠాణీలు ఒలుచుకుని లెక్కపెడితే గుండ్రటివి 5474, ముడతలవి 1850 వచ్చాయి. భాగించి చూడండి, 2.96కి ఒకటి. మూడుకి ఒకటి రావాలని మా పిల్లల గైడులో స్పష్టంగా ఉంది కదా. 1866లో ఆ లెక్క అచ్చు వేసేముందు మా స్కూల్లో రికార్డు చూపించి ఉంటే అర మార్కు పోయేది, కానీ లెక్క చక్కబడేది. ఆయనకి పరీక్షలు కొత్త కాదనుకోండి. టీచరు ఉద్యోగం కోసం 1850లో పరీక్ష రాసి తప్పాడు. ఆ సంవత్సరమూ, ముడత గింజల లెక్కా ఒకటే అంకె కావడం నా కంటికి లెక్కల మనిషిగా ఆనింది, అంతే. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ గట్టెక్కలేదు.

రెండో పేజీలో ల్యాబ్‌కోటు నిబంధన ఉంది. తెల్లగా ఉండాలి, ఇస్త్రీ ఉండాలి, లేకపోతే ప్రాక్టికల్‌కి రానివ్వరు. బట్టలకీ మార్కులకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరు గారికి కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారని చెబుతారు. అంతకుముందు మెట్రిక్యులేషనే రెండుసార్లు పోయింది. ఇంత చరిత్ర ఉన్న మనిషి అమెరికా వెళ్ళి ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ గురించి లోకానికి చెప్పాడు. ఇప్పుడు ఆ ఏటీపీని అమ్మలు ఇస్త్రీ కోటు వేసుకుని బట్టీ పడుతోంది.

బట్టీ అంటే గుర్తొచ్చింది. పాఠ్యపుస్తకాలు వేసే ఎన్‌సీఈఆర్‌టీవాళ్ళు సిలబస్ తగ్గించినప్పుడు పదకొండో తరగతి బయాలజీలోంచి జీర్ణక్రియ పాఠం తీసేశారు. మంచి పనే. మింగడం వరకే మా పిల్లల బాధ్యత, అరగడం సిలబస్‌లో లేదు.

ఆదివారం టెస్టుల గురించి కూడా ఒక పేరా ఉంది. నీట్‌లో 720కి బయాలజీ ఒక్కటే 360 కాబట్టి స్కూల్లోనూ రైటుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. తెలియనిది వదిలెయ్యమని సలహా. పిల్లలు ఆ సలహా బాగానే పాటిస్తున్నారు. తెలియనిదాని జోలికి ఎవరూ వెళ్ళడం లేదు.

ఇంకో నిబంధన దగ్గర మాత్రం నా వ్యంగ్యం కాస్త తడబడింది. ‘పాఠానికి సంబంధం లేని ప్రశ్నలతో క్లాసు సమయం వృథా చేయరాదు.’ ఇది ఎందుకు పెట్టారో అమ్మలు చెప్పింది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి పాఠం జరుగుతోందట. రక్తంలోని హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. తప్పకుండా వచ్చే ప్రశ్న, కింద గీత పెట్టుకోమన్నారు. హాస్టల్ నుంచి వచ్చే సవర తెగ కుర్రాడొకడు లేచాడు. వాళ్ళ చెల్లికి చలికాలం కీళ్ళు పట్టేస్తాయట, ఆస్పత్రిలో ఒక కార్డిచ్చారట, దానిమీద ఈ పేరే ఉందట. “సార్, ఆ ఆరోదాన్ని మార్చడానికి కుదరదా?”

“అది మనకి లేదు. వాలీన్ స్పెల్లింగ్ చూసుకో” అన్నారట సార్.

కుర్రాడు కూర్చుని స్పెల్లింగ్ చూసుకున్నాడట. టెస్టులో ఆ ప్రశ్నకి రెండుకి రెండు వచ్చాయి. విధానం పనిచేస్తోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి.

కాగితం చివర్న గార్డియన్ సంతకం గడి ఉంది. నేను తెలుగులో పెట్టాను, ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో నడుస్తున్న సంతకమే. మర్నాడు కాగితం తిరిగొచ్చింది, పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం. ఇంగ్లీషులో మళ్ళీ పెట్టి పంపాను. ఎడమ నుంచి కుడికి, ఒకే వరసలో, గీతలు ఒకదాన్నొకటి దాటకుండా.

అమ్మలు ఆ రాత్రి పేజీ చింపేసి కొత్త బొమ్మ వేసింది. గైడు పక్కన పెట్టుకుని, పెన్సిలు మూడుసార్లు చెక్కుకుని, ప్రోఫేజు నుంచి టీలోఫేజు దాకా నాలుగూ వేసింది. చాలా బాగా వచ్చాయి. గాలిబుడగ లేదు. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

“ఏటండీ, కిటికీలో ఆ ఉల్లిపాయతో పనయిపోయినట్టేనా? పప్పులోకి ఒకటి తక్కువొచ్చింది.”

నేను అమ్మలు వైపు చూశాను. అది తలెత్తకుండానే, “రేపు పొద్దున్న ఎనిమిది దాకా ఉంచమను నాన్నా” అంది.