ఐదు పిల్లుల నియామకం

దక్షిణ హిందూ మహాసముద్రంలోని మారియన్ దీవిలో ఎలుకల చేతిలో జరుగుతున్న ఘోరానికి, బలవుతున్న వాండరింగ్ ఆల్బట్రాస్ అనే సముద్రపక్షే పూర్తి బాధ్యత వహించాలి. దాని రెక్కలు చాపి కొలిస్తే మూడున్నర మీటర్ల దాకా ఉంటాయి. వాటిని ఆడించే శ్రమ కూడా లేకుండా గాలివాటున వందల కిలోమీటర్లు పోతుంది. అంత ఘనమైన పక్షి రెండేళ్లకు ఒక్క గుడ్డు పెడుతుంది! ఆలుమగలు వంతులేసుకుని దాన్ని పదకొండు వారాలు పొదుగుతారు. కొన్నాళ్లకి పిల్లను గూట్లో ఒంటరిగా వదిలేసి ఇద్దరూ మేతకు సముద్రం మీద పడతారు. చలికాలమంతా అది నేల మీద, ఆరుబయట, తలుపూ గడియా లేని గూట్లో కూర్చునే ఉంటుంది. నేల మీద నడిచొచ్చే శత్రువు ఒకడు ఉంటాడన్న ఇంగితం ఆ వంశంలో ఎవరికీ లేదు.

ఇక మనవైపు చూడండి, ఎంత బాధ్యతగా ఉన్నామో. 19వ శతాబ్దంలో సీళ్ల వేటకొచ్చిన ఓడల్లోంచి చిట్టెలుకలు దిగాయి. తర్వాత దక్షిణాఫ్రికా అక్కడ వాతావరణ కేంద్రం పెట్టుకుంది. ఎలుకల బెడద తీర్చడానికి 1949లో ఐదు పిల్లులను తెచ్చారు. గోచీ కాపాడుకోవడానికి పిల్లిని పెంచిన సన్యాసి కథ అక్కడికి చేరలేదేమో.

పిల్లులు చక్కగా పనిచేశాయి. కాకపోతే చిన్న ఎలుక వెంట పరుగెత్తడం కంటే బొరియలో కూర్చున్న పెట్రెల్ అనే సముద్రపక్షిని తినడం తేలికని కనిపెట్టాయి. 1970ల నాటికి ఐదు కాస్తా మూడు వేలు దాటాయి. ఏడాదికి సుమారు నాలుగున్నర లక్షల పక్షులు వాటి భోజనపు ఖర్చు. దాంతో 1977లో పిల్లుల మీదికి వైరస్‌ను వదిలారు, ఆ తర్వాత తుపాకులతో మనుషుల్ని పంపారు. 1991కి దీవిలో పిల్లి లేదు. నియామకం కంటే ఉద్వాసనకే ఎక్కువ ఖర్చయిందని వేరే చెప్పాలా?

ఎలుకలు మాత్రం ఉన్నాయి. పైగా వాతావరణం వేడెక్కుతుంటే వాటి సంతాన సీజన్ పొడుగవుతోంది, తినే పురుగులేమో తరిగిపోయాయి. 2003లో మొదటిసారి అవి ఆల్బట్రాస్ పిల్లల్ని కొరుకుతూ కనబడ్డాయి. రాత్రిపూట వీపెక్కి, బతికుండగానే తింటాయి. కిలోల బరువున్న పిల్ల, గ్రాముల బరువున్న ఎలుకను కనీసం విదిలించుకోదు. 2023లో పెద్ద పక్షులు కూడా ఇలాగే పోయాయి. ఇలా విదిలించుకోకుండా ఊరుకోవడం మర్యాద కాదు, అమాయకత్వం. కానీ వ్యంగ్యం రాసేవాడికి ఇక్కడ కాసేపు కలం ఆగిపోతుంది.

సరే, తాజా ప్రణాళిక ఏమిటంటే, హెలికాప్టర్లతో దీవి అంగుళం వదలకుండా ఎలుకల మందు చల్లడం. చూలుతో ఉన్న ఒక్క ఎలుక మిగిలినా మళ్లీ మొదటికే. అట్లాంటిక్‌లోని గఫ్ దీవిలో 2021లో ఇదే చేశారు. ఆ డిసెంబర్‌లోనే ఒక ఎలుక కనబడింది.

దాన్ని పట్టడానికి పిల్లిని పంపుదామని మాత్రం ఈసారి ఎవరూ అనలేదు.