కొత్తవాడి చేతిలో మౌస్ ఉంటే మీకొచ్చిన నష్టమేమిటి?

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్ కావడంతో, మా చెల్లెలి కొడుక్కి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇచ్చాను. వాడు కోరినది చాలా చిన్న పని: యంత్రం తెరవగానే డీ డ్రైవ్ దానంతటదే కనబడాలి. శ్రీకాకుళంలోని మా వాట్సాప్ గ్రూపులో పండితుడిగా చలామణి అయ్యే ఒక పెద్దమనిషి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, వీఐ అనే ఎడిటర్‌తో, యంత్రం లేచేటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒక వరుస చేర్చమని వాడికి సెలవిచ్చారు. డిస్కును గుర్తుపట్టే యూయూఐడీ సంకేతంలో ఒక అక్షరం తప్పింది, డిస్కు లేకున్నా ముందుకు సాగమని చెప్పే నోఫెయిల్ అన్న మాట ఆ వరుసలో లేనే లేదు. దాంతో యంత్రం ఈ ఉదయం లేని డిస్కు కోసం నిమిషంన్నర ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్ అంటూ నల్ల తెర మీద ఆగిపోయింది. "ఏటైపోయింది మావయ్యా, నా ప్రాజెక్టు పోయినట్టేనా?" అంటూ వాడు ఫోనులో ఏడ్చినంత పని చేశాడు.

ఇదే పనికి మింట్ మెనూలోనే డిస్క్స్ అనే ఉపకరణం ఉంది. డిస్కులోని ఆ భాగాన్ని (పార్టిషన్‌ను) ఎంచుకుని, పళ్లచక్రం గుర్తు నొక్కి, మౌంట్ ఆప్షన్లలో పైనున్న స్విచ్ ఆపి ఓకే అంటే, అది పాస్‌వర్డ్ అడిగి అదే ఎఫ్‌స్టాబ్‌లో ఆ వరుసను తానే రాస్తుంది. నోఫెయిల్‌ను కూడా తానే చేరుస్తుంది కనుక డిస్కు దొరక్కపోయినా యంత్రం లేస్తుంది. పండితులవారికి తట్టని జాగ్రత్త ఆ చిన్న కిటికీకి తట్టింది. ఆర్టీసీ కాంప్లెక్సులో పాతపట్నం బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగినవాడికి డీజిల్ ఇంజను విప్పడం నేర్పే మర్యాద మన లినక్స్ పెద్దలకే చెల్లింది. పోనీ నేర్పాలనుకున్నవారు నానో అనే సులువైన ఎడిటర్‌తో నేర్పవచ్చు కదా! లేదు, బయటికి రావడానికే మంత్రం కావలసిన వీఐ అయితే తప్ప వారి గౌరవం నిలవదు.

వీరే మరొకరికి వెబ్‌సైటు పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సర్వరును మార్చడానికి, దాని వివరం ఉండే రిసాల్వ్ కాన్ఫ్ ఫైలును దిద్దమన్నారు. ఆ ఫైలును చేత్తో మార్చవద్దని దాని నెత్తినే రాసి ఉంటుంది, మార్చినా నెట్‌వర్క్ మళ్లీ కలవగానే అది మొదటికి వస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగులలో ఐపీవీ4 పేజీలో ఒక గడి నింపితే తీరే పని అది. యంత్రం లేచేటప్పుడు కనబడే బూట్ మెనూను మార్చే గ్రబ్ కస్టమైజర్ వేసుకోమని మరో ఉచిత సలహా. సొంత స్క్రిప్టులు చొప్పించి బూట్ మెనూను కలగాపులగం చేసే దానికన్నా టెర్మినలే నయం. కిటికీ ఉన్న ప్రతిదీ కొత్తవాడికి పనికిరాదు. మింట్ వంటి లినక్స్ పంపిణీతోపాటే వచ్చి, వ్యవస్థ నిజంగా చదివే చోటనే రాసేదాన్ని ఎంచుకోవాలి.

అసలు నా కడుపుమంట ఈనాటిది కాదు. సూసే అనే మరో లినక్స్ పంపిణీలో సెట్టింగుల కోసం యాస్ట్ అనే ఉపకరణం ఉండేది. డిస్కు, ఫైర్‌వాల్, యూజర్లు, సర్వీసులు, బూట్‌లోడర్ అన్నీ ఒక్క గూటిలో దొరికేవి, టెర్మినల్‌లో సైతం మెనూలతో నడిచేది. 2025లో వచ్చిన ఓపెన్‌సూసే లీప్ 16లో దాన్ని తీసేశారు. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకు మిర్లిన్ అట, మిగిలినవాటికి బ్రౌజరులో తెరుచుకునే కాక్‌పిట్ అట. కాక్‌పిట్ సర్వర్లు చూసుకునేవారికి బాగానే ఉంటుంది, కానీ తన సొంత యంత్రాన్ని సవరించుకోవడానికి లోకల్‌హోస్ట్ 9090 అని కొట్టాలని డిగ్రీ చదివే కుర్రవాడికి ఎవరు చెబుతారు? యాస్ట్ లాంటి కంట్రోల్ సెంటర్‌ను తన లినక్స్‌లో అంత ముచ్చటగా తీర్చిన మాండ్రివా కంపెనీ 2015లో మూతబడింది. దాని శాఖగా పుట్టిన మజీయా స్వచ్ఛంద కార్యకర్తల చలవతో ఆ కంట్రోల్ సెంటర్‌ను ఇప్పటికీ నిలుపుతోంది, మన పండితులు మాత్రం ఆ పేరు వింటే ముసలివాళ్ల లినక్స్ అని నవ్వుతారు.

నవ్వుకోండి. మా జిల్లాలో నన్ను అడిగేవారికి మింట్ వేసి, వ్యవస్థ పాత స్థితిని దాచిపెట్టే స్నాప్‌షాట్ కోసం టైమ్‌షిఫ్ట్, డిస్కులకు డిస్క్స్, ఫైర్‌వాల్‌కు జీయూఎఫ్‌డబ్ల్యూ చూపిస్తాను, టెర్మినల్ గుర్తును ప్యానెల్ మీదనుంచి నా చేత్తోనే తీసేస్తాను. కావలసినవాడు మెనూలో వెతుక్కుంటాడు.