ఆ ఒక్క వాక్యం అక్కడ రాసి ఉంటే

నిన్న రాత్రి పదకొండు దాటాక మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఎక్స్ఛేంజ్ నుంచి వంద యూఎస్‌డీటీ నా వాలెట్‌కి పంపాను. వాళ్లేమో పంపేశామంటున్నారు, వాలెట్‌లో చూస్తే సున్నా" అన్నాడు. గొంతు వణుకుతోంది. (యూఎస్‌డీటీ అంటే డాలరు విలువకు కట్టిన క్రిప్టో నాణెం, ఎక్స్ఛేంజ్ అంటే అలాంటివి కొని అమ్మే వేదిక, వాలెట్ అంటే వాటిని మన చేతిలోనే ఉంచుకునే యాప్.) ఒక గ్రూపులో గోడు వెళ్లబోసుకుంటే, సపోర్ట్ అనే పేరుతో ఎవరో వెంటనే మెసేజ్ పెట్టి లింకు ఇచ్చారట. 'వాలెట్ సింక్' పేరుతో పన్నెండు రికవరీ పదాలనూ, అంటే వాలెట్‌ను ఏ ఫోన్‌లోనైనా తెరవగల రహస్య పదాలను, అడిగే ఫారమ్ అది. వీడు కాగితం ముందు పెట్టుకుని ఏడు పదాలు కొట్టేశాడు. ఎనిమిదో పదం తన చేతిరాతలో తనకే అర్థం కాక ఆగి, నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ పేజీ మూసెయ్, ఇంకొక్క అక్షరం కొట్టకు" అని అరిచాను. ఆ కోపం ఇంకా దిగలేదు.

ఆ డబ్బు అసలు ఎక్కడికీ పోలేదు. ఒకే నాణెం వేర్వేరు నెట్‌వర్కుల మీద, అంటే వేర్వేరు దారుల్లో, వెళ్లగలదు. ఎక్స్ఛేంజ్ విత్‌డ్రా పేజీలో అన్నిటికన్నా పైన, తక్కువ ఫీజుతో బీఎన్‌బీ చైన్ అనే నెట్‌వర్క్ కనిపిస్తే వీడు దాన్నే ఎంచుకున్నాడు. వాలెట్‌లో మాత్రం ఇథీరియం అనే ఇంకో నెట్‌వర్క్ తెరిచి ఉంది. ఈ రెండు నెట్‌వర్కుల్లోనూ అడ్రస్ ఒకటే, అందులోని డబ్బును కదిలించే రహస్య తాళంచెవీ ఒకటే కనుక, వాలెట్‌లో నెట్‌వర్క్ మార్చగానే ఆ యూఎస్‌డీటీ మొత్తం కళ్లముందు కనిపించింది. పంపింది సొంత వాలెట్‌కి కాబట్టి బతికిపోయాడు. అదే పొరపాటు, ఆ నెట్‌వర్క్‌ను తీసుకోని మరో ఎక్స్ఛేంజ్ డిపాజిట్ అడ్రస్‌కి పంపేటప్పుడు జరిగి ఉంటే, తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటుంది కనుక వాళ్ల కాళ్లావేళ్లా పడాల్సి వచ్చేది. 'పంపాక బ్యాలెన్స్ కనిపించకపోతే, మీరు ఎంచుకున్న నెట్‌వర్క్‌నే వాలెట్‌లో తెరిచి చూడండి' అని ఒక్క వాక్యం ఆ పేజీలో ఉంటే మా తమ్ముడు ఆ దొంగ దగ్గరికి వెళ్లేవాడే కాదు. అప్పు చేసి ట్రేడింగ్ చేయమని పిలిచే ప్రకటనకు తెర నిండా చోటుంది, ఈ వాక్యానికి మాత్రం లేదు.

డబ్బు కనిపించిందని ఊరుకోవడానికీ లేదు, ఏడు పదాలు బయటికి పోయాయి. అలాంటి పేజీలు మనం 'సబ్మిట్' నొక్కేదాకా ఆగాలనేమీ లేదు, కొట్టిన అక్షరాన్ని కొట్టినట్టే పంపించగలవు. ఈ పదాలన్నీ 2048 పదాల బహిరంగ జాబితాలోవే కాబట్టి, తెలిసినవి పెరిగేకొద్దీ మిగతావి ఊహించడం తేలికవుతుంది. పన్నెండులో సగానికి పైగా పరాయివాడి చేతికి చిక్కాక ఆ వాలెట్‌ను నమ్మడం నాకు ఇష్టం లేదు. కొత్త వాలెట్ తెరిపించి అందులోకి మార్చమన్నాను. అప్పుడు ఇంకో గోడ అడ్డొచ్చింది. బీఎన్‌బీ చైన్‌లో యూఎస్‌డీటీ కదలాలంటే ఫీజు ఆ నెట్‌వర్క్ సొంత నాణెమైన బీఎన్‌బీలోనే కట్టాలి, వీడి దగ్గర అది రవ్వంత కూడా లేదు. కాస్త బీఎన్‌బీ కొని, పాత వాలెట్‌కి తెప్పించి, కదిలించేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. ఈ సంగతీ ఆ విత్‌డ్రా పేజీలో లేదు.

ఎక్స్ఛేంజ్‌ల కన్నా నాకు ఎక్కువ మండేది, 'తాళంచెవి నీది కాకపోతే నాణెం నీది కాదు' అని రోజుకు పదిసార్లు రాసేవాళ్ల మీద. ఆ మాట నిజమే. 2014 ఫిబ్రవరిలో దాదాపు ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్లు పోయాయని మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్ చేతులెత్తేసింది. 2022 జూన్‌లో, క్రిప్టో దాచుకుంటే వడ్డీ ఇస్తామన్న సెల్సియస్ విత్‌డ్రాలు ఆపేసింది, అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ దివాలా పిటిషన్ వేసింది. నేను పొదుపు దాచుకున్న వేదిక కూడా ఆ ఏడాదే నాలుగు లైన్ల ఈమెయిల్ పంపి తలుపులు మూసేసింది. నేను ఏడుస్తూ రాసిన పోస్టు కింద ఈ నినాదం వాళ్లే వరుసకట్టి 'మేం ముందే చెప్పాం' అన్నారు. ఏం చెప్పారు? బయటికి తీసుకెళ్లమన్నారు, ఎలా తీసుకెళ్లాలో ఒక్కరూ చెప్పలేదు. ప్రమాదమంతా ఉన్నది ఆ తీసుకెళ్లే పది నిమిషాల్లోనే.

వాలెట్ ఖాళీగా ఉండగానే యాప్‌ను తీసేసి, కాగితం మీది పదాలతోనే మళ్లీ తెరిచి, అదే అడ్రస్ వస్తుందో లేదో చూసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా మా తమ్ముడికి చెప్పలేదు, అది నా తప్పే. చెప్పి ఉంటే ఆ అర్థంకాని ఎనిమిదో పదం మొదటి రోజే బయటపడేది. అదే ఎప్పుడైనా ఫోన్ పాడైన రోజున బయటపడి ఉంటే, ఆ జాబితాలోని పదాలను ఒక్కొక్కటే వేసి చూస్తూ ఆ పదాన్ని వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ పదాలను ఫోటో తీయకూడదని కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గ్యాలరీలోని బొమ్మలను చదివి రికవరీ పదాలు ఏరుకునే దొంగ యాప్‌లు పేరున్న యాప్ స్టోర్లలోకి కూడా చొరబడ్డాయి.

అడ్రస్ సంగతీ అంతే. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలని ఇప్పటికీ రాస్తున్నారు. సరిగ్గా ఆ అలవాటు మీదే దొంగలు బతుకుతున్నారు. మొదలూ చివరా మన అడ్రస్‌లాగే ఉండేదాన్ని తయారుచేసి, దానితో సున్నా విలువ ట్రాన్సాక్షన్ ఒకటి మన లావాదేవీల చరిత్రలో పడేస్తారు. మర్నాడు మనం ఆ చరిత్రలోంచి కాపీ చేసుకుంటే డబ్బు నేరుగా వాళ్లకే వెళుతుంది. మనం కాపీ చేసినదాన్ని పేస్ట్ చేసేలోపు మార్చేసే వైరస్‌లూ ఉన్నాయి. అందుకే నేను ప్రతిసారీ వాలెట్‌లోని 'రిసీవ్' తెర తెరిచి అడ్రస్ అక్కడే తీసుకుంటాను, పేస్ట్ చేశాక మధ్య అక్షరాలతో సహా చదువుతాను, ముందు చిన్న మొత్తం పంపి అది చేరాకే మిగతాది పంపుతాను. రెండోసారి ఫీజు పడుతుందని సణిగేవాళ్లు నిన్న రాత్రి మా తమ్ముడి గొంతు వినాల్సింది.

ఈ పొద్దున ఎక్స్ఛేంజ్ నుంచి జవాబొచ్చింది. 'మీ విత్‌డ్రా విజయవంతంగా పూర్తయింది, టికెట్ మూసివేస్తున్నాం, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు' అని అడిగారు. ఒక్కటి ఇచ్చి, కింద ఉన్న పెట్టెలో ఆ నెట్‌వర్క్ వాక్యాన్ని పూర్తిగా రాసి పంపాను. మా తమ్ముడు ఇప్పుడు కొత్త వాలెట్ పదాలను పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటి బయటికి చదువుకుంటూ, రెండో కాగితం మీద రాసుకుంటున్నాడు.