ముగ్గురు గార్డులు వెళ్లారు, ముందువరుస మిగిలే ఉంది: ఫ్లోరిడా కొత్త సీజన్‌పై ప్రచారంలో ఉన్న వాదనకు ఖండన

అమెరికా పురుషుల కళాశాల బాస్కెట్‌బాల్‌లో 2025 చాంపియన్‌గా నిలిచిన ఫ్లోరిడా విశ్వవిద్యాలయ జట్టు 2025 నవంబరు 3న లాస్ వేగాస్‌లో అరిజోనాతో తలపడి కొత్త సీజన్‌ను ఆరంభించనుండగా, దానికి ముందు రాస్తున్న మాటలివి. ఆ పోరు దగ్గరపడుతున్నకొద్దీ ఒక వాదన అభిమానుల మధ్య విపరీతంగా వ్యాపిస్తోంది. విశ్వవిద్యాలయం ఉన్న గెయిన్స్‌విల్‌లో చదివిన, ఇప్పుడు చదువుతున్న తెలుగు విద్యార్థుల వాట్సాప్ బృందాల్లోనూ అదే మాట తిరుగుతోంది. ఆ వాదన సారాంశం ఇది. గత సీజన్ టైటిల్ అదృష్టం కొద్దీ దక్కింది. గెలిపించిన ముగ్గురు గార్డులు (బంతిని నడిపిస్తూ ఎక్కువగా దూరం నుంచి ఆడేవారు) వాల్టర్ క్లేటన్ జూనియర్, అలైజా మార్టిన్, విల్ రిచర్డ్ వృత్తి ఆటగాళ్ల లీగు ఎన్‌బీఏకు వెళ్లిపోయారు. మార్చి నెలలో జరిగే జాతీయ టోర్నీలో గార్డులే గెలిపిస్తారు గనుక ముందువరుసలో, అంటే రింగు దగ్గర ఆడే పొడగరులు ఎందరు మిగిలినా ప్రయోజనం లేదు. ప్రిన్స్‌టన్ వంటి విశ్వవిద్యాలయాలు ఆడే ఐవీ లీగ్ నుంచి ఒకరు, గాయంతో సగం సీజన్ పోగొట్టుకున్నవారు ఇంకొకరు వచ్చి ఆ లోటును పూడ్చలేరు. చాంపియన్లు మరుసటి ఏడాది కూలిపోవడం చరిత్రలో ఉన్నదే.

ఇందులో ఒక్కొక్క మాటకూ కొంత ఆధారం లేకపోలేదు. అందుకే ఇది ఇంతగా నమ్మకం పుట్టిస్తోంది. కానీ ఆ మాటలన్నిటినీ కలిపి తీసిన ముగింపు మాత్రం తప్పు అని నేను గట్టిగా భావిస్తున్నాను.

ముందుగా అదృష్టం సంగతి. ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో జరిగిన తుది పోరును మాత్రమే చూసినవారికి ఈ మాట నిజమనిపించడం సహజం. ద్వితీయార్ధంలో ఒక దశలో ఫ్లోరిడా హ్యూస్టన్ కంటే 12 పాయింట్లు వెనకబడింది. 40 నిమిషాల ఆటలో ఆ జట్టు ఆధిక్యంలో ఉన్న సమయం మొత్తం కలిపినా దాదాపు ఒక్క నిమిషమే. చివరి క్షణాల్లో హ్యూస్టన్ ఆటగాడు ఎమాన్యుయెల్ షార్ప్ షాట్ కోసం గాల్లోకి లేచి, ఎదురుగా క్లేటన్ దూసుకురావడం చూసి బంతిని కింద వదిలేయవలసి వచ్చింది. ఆ బంతి మీదికి అలెక్స్ కాండన్ దూకాడు, ఫ్లోరిడా 65-63తో గెలిచింది. ఒక్క ఆటలో రెండు పాయింట్ల తేడా ఎటైనా మొగ్గవచ్చుననడంలో నాకు అభ్యంతరం లేదు.

అయితే ఆ సీజన్‌లో ఫ్లోరిడా 40 ఆటలు ఆడి 36 గెలిచింది. జనవరి 7న, అప్పటికి దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న టెనెసీని 73-43తో, అంటే 30 పాయింట్ల తేడాతో ఓడించింది. ఫిబ్రవరి 8న మళ్లీ మొదటి ర్యాంకు జట్టునే, ఈసారి ఆబర్న్‌ను వారి సొంత మైదానంలోనే 90-81తో ఓడించింది. ఆపై తాను ఆడే సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుకునే లీగు) టోర్నీని గెలుచుకుంది. ఆ కాన్ఫరెన్స్‌లోని 16 జట్లలో 14 ఆ ఏడాది జాతీయ టోర్నీకి ఎంపికయ్యాయన్నది గుర్తుంచుకుంటే ఈ విజయాల బరువు తెలుస్తుంది. అంతవరకు ఏ కాన్ఫరెన్స్ నుంచీ అన్ని జట్లు ఒకే ఏడాది వెళ్లలేదు. సీజన్ పొడవునా ఇటువంటి ప్రత్యర్థులపై నిలకడగా గెలిచిన జట్టును ఒక్క చివరి నిమిషాన్ని చూపి అదృష్టవంతులనడం న్యాయం కాదు.

గార్డులే గెలిపిస్తారన్న మాట అన్నిటికంటే బలమైనది గనుక దానికి ఎక్కువ స్థలం ఇస్తున్నాను. క్లేటన్ ఆటకు సగటున 18.3, మార్టిన్ 14.4, రిచర్డ్ 13.3 పాయింట్లు చేశారు. జట్టు సగటు సుమారు 85 అయితే అందులో 46 ఈ ముగ్గురివే. జాతీయ టోర్నీలో క్లేటన్ ఆడిన తీరు నేను చూసిన అత్యుత్తమ ప్రదర్శనల్లో ఒకటి. టెక్సస్ టెక్‌పై 30, సెమీఫైనల్లో ఆబర్న్‌పై 34 పాయింట్లు చేసిన ఆటగాడు వెళ్లిపోతే నష్టం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నష్టం ఉంది, అది పెద్దదే.

కానీ ఆ టెక్సస్ టెక్ ఆటనే మరోసారి జాగ్రత్తగా గుర్తు చేసుకుందాం. మూడు నిమిషాల లోపు సమయం మిగిలి ఉండగా ఫ్లోరిడా 9 పాయింట్లు వెనకబడి ఉంది. అందరికీ గుర్తున్నవి ఆఖర్న క్లేటన్ వేసిన మూడు పాయింట్ల షాట్లు. వాటికి ముందు వరసగా రెండుసార్లు మూడు పాయింట్ల షాటు వేసి జట్టును మళ్లీ పోటీలోకి తెచ్చినవాడు 6 అడుగుల 9 అంగుళాల ఫార్వర్డ్ (ముందువరుస ఆటగాడు) థామస్ హా. బెంచి మీద నుంచి వచ్చిన అతడు ఆ రోజు 20 పాయింట్లు, 11 రీబౌండ్లు (షాటు తప్పినప్పుడు బంతిని పట్టుకోవడం) సాధించాడు. ఫ్లోరిడా 84-79తో గెలిచింది. ఆ హా ఇప్పటికీ జట్టులోనే ఉన్నాడు, ఈసారి మొదటి అయిదుగురిలో ఆడబోతున్నాడు.

తుది పోరు కూడా అదే చెబుతుంది. హ్యూస్టన్ రక్షణ క్లేటన్‌ను ఎంతగా కట్టడి చేసిందంటే ప్రథమార్ధంలో అతడు ఒక్క పాయింటు కూడా చేయలేకపోయాడు. అతడి 11 పాయింట్లూ ద్వితీయార్ధంలోనే వచ్చాయి. అయినా విరామానికి ఫ్లోరిడా వెనకబడింది 31-28తోనే. ఇందులో రిచర్డ్ పాత్ర పెద్దది, అతడు 18 పాయింట్లతో జట్టులో ముందున్నాడు. కాండన్ చేసిన 12 పాయింట్లూ తక్కువేమీ కావు. జట్టు ప్రధాన స్కోరరు మూగబోయిన సమయంలోనూ ఆట చేయిదాటిపోకుండా నిలబెట్టినది ఆ జట్టు నిర్మాణం.

ఆ నిర్మాణానికి పునాది దాడి చేసే వైపున రీబౌండ్లు పట్టడం. దీన్ని కొంచెం వివరించాలి, ఎందుకంటే మొత్తం వాదన దీని మీదే ఆధారపడి ఉంది. ఏ జట్టయినా తన షాట్లలో సగానికి అటూ ఇటూ మాత్రమే రింగులో పడేలా వేయగలుగుతుంది. తప్పిపోయిన షాటును ప్రత్యర్థి పట్టుకుంటే ఆ వంతు అక్కడితో ముగిసినట్టే. సొంత జట్టే పట్టుకుంటే రెండో అవకాశం వస్తుంది, అదీ రింగుకు దగ్గరగా, రక్షణ చెదిరి ఉన్న సమయంలో వస్తుంది. అందువల్ల తప్పిన షాట్లను ఎక్కువగా తిరిగి పట్టుకునే జట్టుకు మొదటి షాటు గురి కొంత తగ్గినా భరించుకునే వీలుంటుంది. కోచ్ టాడ్ గోల్డెన్ లెక్కలను ఆధారంగా చేసుకుని ఆట నడిపే మనిషి, ఆయన జట్టు గత రెండు సీజన్లలోనూ ఈ విషయంలో దేశంలో అగ్రశ్రేణి జట్లలో నిలిచింది.

ఈ పని చేసినవాళ్లు దాదాపు అందరూ తిరిగి వచ్చారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి వచ్చిన కాండన్ గత సీజన్‌లో ఆటకు సగటున 10.6 పాయింట్లు, 7.5 రీబౌండ్లు సాధించాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు పేరు ఇచ్చి వెనక్కి తీసుకున్నాడు. హా 9.8 పాయింట్లు, 6.1 రీబౌండ్లు, నైజీరియాకు చెందిన రూబెన్ చిన్‌యేలు 6 పాయింట్లు, 6.6 రీబౌండ్లు. ఈ ముగ్గురూ కలిసి ఆటకు సుమారు 20 రీబౌండ్లు పట్టేవారు. వీరికి తోడు 7 అడుగుల 1 అంగుళం ఎత్తున్న మైకా హాండ్‌లాగ్టెన్ ఉన్నాడు. 2024 మార్చిలో కాన్ఫరెన్స్ ఫైనల్లో కాలు విరిగిన ఈ కుర్రాడు 2025 ఫిబ్రవరిలో తిరిగి కోర్టులో దిగి చాంపియన్ జట్టులో భాగమయ్యాడు. అతడి పట్టుదల గురించి రాయకుండా ముందుకు వెళ్లడం నా వల్ల కాదు. పరీక్షకు నిలిచిన నలుగురు పొడగరులు ఒకేచోట ఉన్న జట్టు ఈసారి మరొకటి నాకు కనిపించడం లేదు.

ఇక కొత్తగా వచ్చిన గార్డుల గురించి. వచ్చినవారిద్దరిలో ఒకరు ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన కెనడా ఆటగాడు జేవియన్ లీ. గత సీజన్‌లో అతడు ఆటకు 16.9 పాయింట్లు, 6.1 రీబౌండ్లు, 5.5 అసిస్టులు (సహచరుడి స్కోరుకు దారితీసిన పాసులు) సాధించాడు. ఐవీ లీగ్ చిన్నది గనుక ఈ అంకెలకు విలువ లేదనేవారు వెళ్లిపోయిన ముగ్గురూ ఎక్కడి నుంచి వచ్చారో ఒక్కసారి చూడాలి. క్లేటన్ అయోనా నుంచి వచ్చాడు. రిచర్డ్ బెల్మాంట్ నుంచి వచ్చాడు. మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చాడు, 2023లో ఆ జట్టు జాతీయ టోర్నీ చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్ చేరడంలో అతడి పాత్ర ఉంది. ఈ మూడింటిలో ఒక్కటీ పెద్ద కాన్ఫరెన్స్ విద్యాసంస్థ కాదు. చిన్న లీగుల నుంచి గార్డులను ఎంచుకుని జాతీయ స్థాయి ఆటగాళ్లుగా తీర్చిదిద్దడం గోల్డెన్ బృందం ముమ్మార్లు చేసి చూపించిన పని. నాలుగోసారి అదే పని చేయలేదనడానికి ఏదో ఒక కారణం చూపించాలి గదా, లీగు పేరు ఒక్కటే కారణం కాజాలదు.

రెండోవాడు బూగీ ఫ్లాండ్. అర్కాన్సాలో తొలి ఏడాదిలోనే ఆటకు 13.5 పాయింట్లు, 5.1 అసిస్టులు సాధించాడు. జనవరిలో చేతి బొటనవేలికి శస్త్రచికిత్స జరిగి సీజన్ ముగిసినట్టేనని అందరూ అనుకున్నా మార్చిలో జాతీయ టోర్నీకి తిరిగి వచ్చాడు. ఇతడు ఆడినది ఫ్లోరిడా ఆడే కాన్ఫరెన్స్‌లోనే గనుక చిన్న లీగు అన్న అభ్యంతరం ఇతడికి వర్తించదు. బొటనవేలి గాయం మోకాలి గాయం వంటిది కాదు. పరుగును, ఎగిరే శక్తిని అది దెబ్బతీయదు.

చరిత్ర గురించి చెప్పేటప్పుడు చాలామంది 2009 నార్త్ కెరొలైనా, 2012 కెంటకీ జట్లను ఉదాహరిస్తున్నారు. మరుసటి ఏడాది ఆ రెండూ జాతీయ టోర్నీకే చేరలేదు. కెంటకీ 2013లో రెండో శ్రేణి టోర్నీలో రాబర్ట్ మోరిస్ చేతిలో మొదటి ఆటలోనే ఓడింది. ఇవి నిజాలే. అయితే ఆ కాలంలో బదిలీ అయిన ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవలసి ఉండేది. 2021లో ఆ నిబంధన సడలి, బదిలీ అయిన వెంటనే ఆడే వీలు కలిగింది. అప్పటి నుంచి పోలిక మారిపోయింది.

ఆ మార్పు తర్వాతి చాంపియన్లను వరసగా చూద్దాం. 2021లో గెలిచిన బేలర్ మరుసటి ఏడాది టోర్నీలో మొదటి సీడ్ (బలాన్ని బట్టి ఇచ్చే ర్యాంకు; మొదటి సీడ్ నాలుగు జట్లకు దక్కుతుంది). 2022లో గెలిచిన కాన్సాస్ మరుసటి ఏడాది మొదటి సీడ్. 2023లో గెలిచిన కనెటికట్ మరుసటి ఏడాది మొదటి సీడ్‌గా వచ్చి టైటిల్ కూడా నిలబెట్టుకుంది. 2024లో మళ్లీ గెలిచిన కనెటికట్ మాత్రం మరుసటి ఏడాది 8వ సీడ్‌గా వచ్చి రెండో రౌండ్లో ఓడింది. ఓడించినది ఫ్లోరిడాయే, 77-75తో. అంటే నలుగురిలో ముగ్గురు చాంపియన్లు మరుసటి ఏడాది కూడా దేశంలోని తొలి నాలుగు జట్లలో నిలిచారు. బేలర్, కాన్సాస్ ఆ తర్వాత రెండో రౌండ్లోనే ఓడాయన్నది నేను దాచడం లేదు. ఒక్క ఓటమితో ఇంటికి పంపే టోర్నీలో ఆ ప్రమాదం అందరికీ ఉంటుంది. కూలిపోవడం మాత్రం అది కాదు.

ఫ్లోరిడా పరిస్థితికి దగ్గరి పోలిక 2023 కనెటికట్. ఆ జట్టు అడామా సనోగో, జోర్డన్ హాకిన్స్, ఆండ్రే జాక్సన్ జూనియర్ అనే ముగ్గురు ముఖ్యులను పోగొట్టుకుంది. మిగిలిన ట్రిస్టెన్ న్యూటన్, అలెక్స్ కారబాన్, డోనోవన్ క్లింగన్‌లకు రట్గర్స్ నుంచి బదిలీ అయి వచ్చిన కామ్ స్పెన్సర్, కొత్తగా చేరిన స్టెఫాన్ కాసిల్ తోడయ్యారు. ముగ్గురు వెళ్లి, ముగ్గురు నిలిచి, ఇద్దరు వచ్చి చేరిన ఆ జట్టే 2024లో మళ్లీ గెలిచింది. మరుసటి ఏడాది కనెటికట్‌కు మొదటి అయిదుగురిలో మిగిలినది కారబాన్ ఒక్కడే, ఫలితం కూడా దానికి తగ్గట్టే ఉంది. ఎందరు వెళ్లారన్నదాని కంటే ఎవరు నిలిచారన్నదే ఇక్కడ ఎక్కువ తేల్చింది. 2007లో ఫ్లోరిడా టైటిల్ నిలబెట్టుకున్నప్పుడు అంతకు ముందు ఏడాది మొదటి అయిదుగురూ తిరిగి వచ్చారు. అంతటి భాగ్యం ఈసారి లేదు, నిజమే; 2012 కెంటకీకి పట్టిన గతీ లేదు.

ఇంతకీ నాకు భయాలు లేవా అంటే ఉన్నాయి, అవి ప్రచారంలో ఉన్నవాటికంటే వేరు. హా ముందువరుస నుంచి పక్కకు జరిగి, గార్డులకూ పొడగరులకూ మధ్య ఉండే మూడో స్థానంలో ఆడితే కాండన్, చిన్‌యేలులతో కలిపి ముగ్గురు పొడగరులు ఒకేసారి కోర్టులో ఉంటారు. రీబౌండ్లకు అది వరమే గాని, రింగు దగ్గర చోటు ఇరుకై లీ, ఫ్లాండ్ బంతితో లోపలికి చొచ్చుకుపోయే దారులు మూసుకుపోతాయి. దూరం నుంచి నమ్మకంగా షాట్లు వేసే రిచర్డ్ వంటివాడు లేకపోవడం అక్కడ తెలుస్తుంది. బెంచి మీద అనుభవం ఉన్న గార్డుల సంఖ్యా తక్కువే. హ్యూస్టన్‌పై ఆఖర్న ఫ్రీ త్రో వేసిన డెంజెల్ అబర్డీన్ కెంటకీకి వెళ్లిపోయాడు, స్లొవేనియా కుర్రాడు ఉర్బన్ క్లావ్‌జార్ మీద భారం పెరుగుతుంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ సీజన్‌కు ముందు ఇచ్చిన ర్యాంకుల జాబితాలో పర్డ్యూ, హ్యూస్టన్‌ల తర్వాత ఫ్లోరిడాకు ఇచ్చిన మూడో స్థానం ఈ బలాలను, లోపాలను కలిపి చూసి ఇచ్చినదిగా నాకు తోస్తోంది, సరైనదిగానే అనిపిస్తోంది.

షెడ్యూలు కూడా కనికరించదు. అరిజోనా తర్వాత డిసెంబరు 2న డ్యూక్‌ను వారి కామెరాన్ ఇండోర్ స్టేడియంలో, సరిగ్గా వారానికి డిసెంబరు 9న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కనెటికట్‌ను ఎదుర్కోవాలి. ఇద్దరు కొత్త గార్డులు కుదురుకోకముందే వచ్చే ఈ పరీక్షల్లో రెండో మూడో ఓటములు ఎదురైతే నేను ఆశ్చర్యపోను, ఇప్పుడు తిరుగుతున్న వాదన అప్పుడు మరింత గట్టిగా వినిపిస్తుందని కూడా తెలుసు. అరిజోనాతో ఆటలో స్కోరు కంటే ముందు నేను గమనించదలచుకున్నవి రెండు: తప్పిన షాట్లలో ఎన్నిటిని కాండన్, చిన్‌యేలు తిరిగి పట్టుకుంటున్నారన్నది ఒకటి, ఆట చివరి రెండు నిమిషాల్లో బంతి లీ చేతిలో ఉంటుందా ఫ్లాండ్ చేతిలో ఉంటుందా అన్నది రెండోది.