పానా రాఖీ కాదట

రూపాయి విలువ పడిపోతోందని బాధపడేవాళ్ళు ఈ దేశంలో కోట్లమంది ఉన్నారు. సైకిల్ బాటమ్ బ్రాకెట్ గురించి బాధపడేవాణ్ణి మాత్రం మా కాలనీ మొత్తానికి నేనొక్కణ్ణే. రెండు పెడళ్ళ మధ్య ఫ్రేము పొట్టలోంచి ఒక ఇరుసు వెళుతుంది చూడండి, ఆ ఇరుసు తిరిగే బేరింగు గూడు అది. వాడుకలో బీబీ. కిందటేడు వానాకాలంలో నా సైకిల్ బీబీ చప్పుడు మొదలుపెట్టింది. తొక్కుతుంటే కింద ఎవరో కూర్చుని వక్కలు కొరుకుతున్నట్టుండేది.

హైదరాబాద్ నార్సింగిలో మా సందు చివరి మెకానిక్ అన్నకి చూపించాను. ఆయన పెడల్ పట్టుకుని అటూ ఇటూ ఊపి, "బీబీ పోయింది సార్. సామానుతోని ఏడొందలైతది. పొద్దుగూకినంక రాండ్రి" అన్నాడు.

సామాన్యుడైతే సరేనని సైకిల్ అక్కడ వదిలేసి టీ తాగడానికి వెళ్ళేవాడు. నేను ఎమ్మెస్సీ లెక్కలు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. ఆ బీబీని విప్పే పానా సముద్రాల అవతల ఒక ఆన్‌లైన్ అంగట్లో 170 రూపాయలు. కొత్త బీబీ 440. వెరసి 610. కూర్చున్న చోటే 90 రూపాయల లాభం, పైగా పానా జీవితాంతం మనదే. ఇంతటి లాభాన్ని కాళ్ళతో తన్నుకున్నవాడు పిల్లల్ని ఏం పెంచుతాడు?

అయితే పొదుపు చేసే గృహస్థుకి రాజ్యం ఎప్పుడూ అడ్డుపడుతూనే ఉంది. 2020 నవంబర్ 24న కేంద్ర ప్రభుత్వం 43 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో చైనా సరుకు అమ్మే ఆన్‌లైన్ అంగడి అలీఎక్స్‌ప్రెస్ కూడా పోయింది. జనం ఆ జాబితాలోని డేటింగ్ యాప్‌ల గురించి మాట్లాడుకున్నారు. వాల్వు అడాప్టర్లు, చక్రం పుల్లలు బిగించే తాళంచెవులు, రంగురంగుల బోల్టులు ఒక్క రాత్రిలో దూరమైపోయిన సైకిల్ జనాభా కన్నీళ్ళు ఏ చానెల్లోనూ రాలేదు.

పోనీ, విదేశంలో ఉన్న చుట్టం ఎవరైనా కానుకగా పోస్టులో పంపితే? ఆ కిటికీ అంతకు ఏడాది ముందే మూశారు. 2019 డిసెంబర్‌లో విదేశీ వాణిజ్య శాఖ వారు, గిఫ్టు పేరుతో పోస్టులోనో కొరియర్‌లోనో సుంకం లేకుండా సరుకు తెప్పించుకోవడం ఆపేశారు. మినహాయింపు రెండింటికే: ప్రాణం నిలిపే మందులు, రాఖీ. అదీ రాఖీ మాత్రమే, రాఖీతో పాటు వచ్చే కానుకలు కాదని విడిగా రాసి మరీ చెప్పారు. ఆ వాక్యం రాసిన అధికారికి అక్కచెల్లెళ్ళు ఎక్కువమందే ఉండి ఉంటారు. బీబీ పానాకి ఒక ఎర్ర దారం కట్టి పంపిస్తే అది రాఖీ కిందికి వస్తుందా అని కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన మా పక్కింటాయన్ని అడిగాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి, కాఫీ తాగుతారా అన్నారు.

ఇక మిగిలింది తెలుగుజాతికి అనాదిగా ఉన్న వాణిజ్య మార్గం. డాలస్‌లో ఉన్న బావమరిది.

మావాడు మంచివాడు. ఫోన్ చేయగానే "దానికేం బావా, లింకు పంపు, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తా" అన్నాడు. పంపాను. ఒక్క లింకు కాదు. ఇంత మొత్తం దాటితేనే షిప్పింగ్ ఉచితం అని ఆ అంగడి వాళ్ళు షరతు పెట్టారు మరి. షిప్పింగ్‌కి డబ్బు కట్టడమంటే గాలికి పోసినట్టు, అదే డబ్బుతో వస్తువు కొంటే ఇంట్లో ఉంటుంది. అలా బుట్టలోకి, బోల్టుని ఎంత బలంతో బిగించాలో అంతకే ఆపమని చెప్పే టార్క్ పానా ఒకటి వచ్చి చేరింది. తర్వాత చైను అరుగుదల కొలిచే రేకు, సన్నటి కొలతలు తీసే డిజిటల్ కాలిపర్, వాల్వు అడాప్టర్లు ఐదు, మురికి నీళ్ళ మీద నూనె తేలినట్టు మెరిసే బోల్టులు పన్నెండు. చివర్లో ఒక చైన్ విప్. కర్రకి చైను ముక్క తగిలించినట్టుండే ఈ పనిముట్టు వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల గుత్తిని, అంటే క్యాసెట్‌ని, విప్పేటప్పుడు అది తిరక్కుండా పట్టుకోవడానికి పనికొస్తుంది. నా సైకిల్‌కి క్యాసెట్ లేదు, దాని బదులు పాతరకం ఫ్రీవీల్ ఉంది. దానికి ఈ విప్ అక్కర్లేదు. కానీ సగం ధరకే ఇస్తున్నప్పుడు క్యాసెట్ ఉన్న సైకిల్ ఎప్పటికైనా కొనకపోతామా? ఏనుగు కొని అంకుశం దగ్గర బేరమాడారని పూర్వం ఎవర్నో ఎగతాళి చేశారు. అంకుశం చవగ్గా దొరికింది కదా అని ఏనుగు కొనే స్థాయికి మనం ఎదిగాం.

కొనే ముందు రివ్యూలు చదవకుండా కొంటానా? అన్నీ చదివాను. "పార్సిల్ చేరింది. ఇంకా బిగించలేదు. ఐదు నక్షత్రాలు." "మా తమ్ముడి కోసం కొన్నాను, వాడికింకా ఇవ్వలేదు. ఐదు నక్షత్రాలు." పెళ్ళి భోజనంలో గారెలు బాగున్నాయి కాబట్టి కాపురం దివ్యంగా ఉంటుందని తేల్చేసినంత ధైర్యం.

చైనాలోని ఆ అంగడి వాళ్ళు అంత దూరం నుంచి అంత చవగ్గా ఎలా పంపేవాళ్ళని మీకు సందేహం రావాలి. నాకు వచ్చింది. దీని వెనక 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పుట్టిన ప్రపంచ తపాలా సంఘం ఉంది. ఒక దేశపు పోస్టు ఇంకో దేశంలో ఇంటి గుమ్మం దాకా చేర్చినందుకు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో ఆ సంఘమే తేలుస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాలు తక్కువ ఇచ్చుకోవచ్చన్నారు. ఆ వరసలో చైనా కూడా ఉండేది. కాబట్టి చైనాలోని షెన్‌జెన్ నుంచి బయల్దేరిన చిన్న పొట్లాన్ని అమెరికా పోస్ట్‌మ్యాను దాదాపు పుణ్యానికి మోసేవాడు. 2018లో ట్రంప్ ప్రభుత్వం ఆ సంఘంలోంచి వెళ్ళిపోతామని నోటీసిచ్చింది, 2019 సెప్టెంబర్‌లో జెనీవాలో కూర్చుని రేట్లు మార్చుకున్నారు. ఐనా 800 డాలర్ల లోపు సరుకుకి అమెరికాలో సుంకం లేదనే సదుపాయం మిగిలింది. చైనా సరుకుకి అది కూడా 2025 మే 2న పోయింది. మిగతా దేశాల సరుకుకి అదే ఏడాది ఆగస్టు 29న పోయింది. నేను ఆర్డర్ పెట్టించింది దసరా ముందు. నూటయాభై ఏళ్ళ అంతర్జాతీయ ఒప్పందాలు ఒక్కొక్కటే కూలిపోతూ సరిగ్గా నా పానా వంతు వచ్చేదాకా ఆగాయి. అన్నీ కలిపి బావమరిది కార్డు మీద ఎంత పడిందో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. బంధుత్వాలు నిలబడేది ఇలాంటి చోటే.

పార్సిల్ ఎక్కడుందో చూసుకోవడం ఇంకో వైభవం. ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర చైనాకి గుర్తుగా సీఎన్. ఈ నంబర్ని నేను నా ఆధార్ నంబర్ కంటే బాగా నేర్చుకున్నాను. పదకొండు రోజులు అది "బయల్దేరడానికి సిద్ధంగా ఉంది". మా అత్తగారు ఊరికి బయల్దేరే పద్ధతి అది, కాబట్టి నేను కంగారుపడలేదు.

అసలు సంక్షోభం పెట్టె సర్దేటప్పుడు వచ్చింది. ఒక్కో పెట్టె 23 కిలోలు. అందులో మా ఆవిడ చెప్పిన బాదంపప్పు, వాల్‌నట్లు, విటమిన్ మాత్రల సీసాలు, పిల్లల చాక్లెట్లు ముందే సీటు రిజర్వు చేసుకున్నాయి. ఉక్కు బరువుగా ఉంటుందని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. చేతిసంచీలో వేసుకు రమ్మంటే, ఏడంగుళాలు దాటిన పనిముట్లు విమానంలోకి తేనివ్వరు బావా అన్నాడు వాడు. నిజమే, అక్కడి రూలు అది. వీడియో కాల్లో వేలాడే కాటాకి పెట్టె తగిలించి అక్కాతమ్ముళ్ళు చర్చలు జరిపారు. కిలోన్నర బాదంపప్పు బయటికి, నా చైన్ విప్ లోపలికి. ఆ రోజు నుంచి మా ఇంట్లో పాయసంలో బాదం కనపడనప్పుడల్లా "ఏమండీ, చైన్ విప్ వేయమంటారా?" అని ఒక ప్రశ్న వస్తోంది.

భోగి రోజు పెట్టె తెరిచాం. ఒక్కొక్కదాన్నీ పరీక్షించాను. చైను అరుగుదల కొలిచే రేకు గుచ్చి చూస్తే చైను పూర్తిగా అరిగిపోయిందంది. నమ్మి కొత్త చైను కొన్నాను. పొట్లంలోంచి తీసి, సైకిల్‌కి వేయకముందే దాని మీద కూడా పెట్టి చూస్తే అదీ అరిగిపోయిందంది. ఇంత నిరాశావాద పనిముట్టుని నేను ఎక్కడా చూడలేదు. టార్క్ పానా సంగతి వేరు. హ్యాండిల్ దగ్గరి బోల్టుకి 5 న్యూటన్ మీటర్లు చాలు. ఆ బలం రాగానే పానా క్లిక్‌మనాలి. అది మహా సంయమనం ఉన్న పానా. తిప్పుతూ వెళ్ళాను. బోల్టు తల తెగి కిందపడింది. అప్పుడు క్లిక్‌మంది.

ఇక బీబీ. కనుమ నాడు ప్రయాణం కూడదన్నారు గానీ బీబీ విప్పకూడదని ఎవరూ అనలేదు. ఇంగ్లీషు కొలతల బీబీకి మరలు అంగుళానికి 24, వ్యాసం 1.37 అంగుళాలు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వాటి పక్కనే ఇంకో చిన్న వాక్యం ఉంది. చైను ఉండే కుడివైపు కప్పుకి మరలు ఎదురు దిక్కులో ఉంటాయి. తొక్కే కొద్దీ అది తనంతట తాను వదులైపోకుండా అలా చేశారు. ఆ వాక్యం చదివాను. అది నా సైకిల్ గురించి అనుకోలేదు. లోకంలో అందరూ విప్పే దిక్కుకే తిప్పాను. కదల్లేదు. మూడడుగుల ఇనుప గొట్టం తెచ్చి పానాకి తొడిగి, బావమరిదిని సైకిల్ పట్టుకోమని, బలమంతా వేశాను. మెల్లిగా కదిలింది. అది విజయమనుకున్నాను. బిగుసుకోవడం కూడా కదలికేనని ఆ క్షణంలో తట్టదు. తర్వాత టకామని జారి, పానా పళ్ళు ఇరవైకి ఇరవై నున్నబడి, నా వేళ్ళ కణుపులు పళ్ళ చక్రానికి తగిలాయి. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటారే, ఆ మాటలో కోతి ఎవరో మా ఆవిడ అడక్కుండానే చెప్పింది. బావమరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

సైకిల్ నడిపించుకుంటూ సందు చివరికి వెళ్ళాం. మెకానిక్ అన్న ఆ పానాని వెలుతురులో పెట్టి చూశాడు.

"మస్తు మెత్తగుంది సార్ ఇనుము. ఏ దిక్కు తిప్పిన్రు?"

చెప్పాను. ఆయనేమీ అనలేదు. గ్రీజుతో నల్లబడిన తన పానా తీసి, ఎదురు దిక్కుకి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి విప్పేశాడు. నేను సగర్వంగా డాలస్ బీబీ తీసి ఇచ్చాను. ఇరుసు చూసి వెనక్కిచ్చేశాడు. నా సైకిల్‌కి 122.5 మిల్లీమీటర్ల ఇరుసు కావాలి, నేను తెప్పించింది 113. అది వేస్తే పళ్ళ చక్రం ఫ్రేముని రాసుకుంటుంది. కాలిపర్‌తో కొలిచే తెప్పించాను అన్నాను. "కాలిపర్ గూడ అదే పార్సిల్ల వచ్చిందా సార్?" అన్నాడు. ఆలోచిస్తే నిజమే, కొలిచేటప్పుడు నా చేతిలో ఉన్నది పిల్లవాడి స్కేలు. ఆయన అటకమీది డబ్బాలోంచి లూధియానా బీబీ ఒకటి తీసి బిగించాడు. ఎనిమిదొందల యాభై.

"ఏడొందలన్నావు కదన్నా?"

"అది లూజున్నప్పుడు సార్. మీరు టైట్ చేసి తెచ్చిన్రు."

డబ్బులిస్తుంటే ఆయన చూపు నా సంచీలోని వాల్వు అడాప్టర్ల మీద పడింది. పావలా బిళ్ళ కన్నా చిన్న ఇత్తడి ముక్కలు. సన్నటి ప్రెస్టా వాల్వు ఉన్న ట్యూబులకి ఇక్కడి కంప్రెసర్ గొట్టం పట్టదు. ఇది తొడిగితే పడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైనప్పటి నుంచి, ఆదివారం పొద్దున్నే లక్ష రూపాయల సైకిళ్ళవాళ్ళు గాలి లేక ఆయన షాపు ముందు ఆగుతున్నారట, ఆయన చేతులూపి పంపేస్తున్నాడట. "ఒకటి ఇడిసిపెట్టి పోండ్రి సార్" అన్నాడు. పరాయివాడు కాదు కదా అని మూడిచ్చాను.

కిందటి ఆదివారం నా టైర్లో గాలి తగ్గితే ఆయన దగ్గరికే వెళ్ళాను. షాపు ముందు ఆరుగురు హెల్మెట్లవాళ్ళు వరసలో నిలబడ్డారు. నా వంతు వచ్చాక నా అడాప్టర్‌నే తొడిగి గాలి కొట్టాడు.

"ఇరవై సార్. మామూలు వాల్వుకైతే అయిదే. గిది ఫారిన్ సామాను."

ఇచ్చాను. చిల్లర తీసుకుంటూ, "మీ బామ్మర్ది మళ్ళెప్పుడొస్తడు? ఇంకో ఇరవై ముక్కలు తెప్పియ్యరాదు" అన్నాడు. షిప్పింగ్ ఉచితం కావాలంటే ఇరవై చాలవు. ముప్పయ్యైతే బుట్టలో ఇంకా కాస్త జాగా మిగులుతుంది. పళ్ళు గట్టివైన పానా ఒకటి, మూడు డాలర్లకే చూశాను.