ఆగిన మెషీన్‌కే శాలువా

పోయిన మామిడి సీజన్ ముగియగానే మా ఫ్యాక్టరీలో ఫిట్టరన్నకు శాలువా కప్పారు. దండ, మెమెంటో, గ్రూప్ ఫోటో అన్నీ అయ్యాయి. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీల్లో మాదీ ఒకటి. పేరు చెప్పను, నా జీతం ఇంకా అక్కడే. అన్న చేసిన ఘనకార్యం ఏమంటే, రాత్రి తొమ్మిదికి పట్టేసిన పల్పర్‌ను, అంటే గుజ్జు తీసే మెషీన్‌ను, పదిహేడు గంటలు నడుం వాల్చకుండా పనిచేసి, మర్నాడు మధ్యాహ్నం రెండుకు తిప్పాడు. అంతకు పది రోజుల ముందు నుంచే "సార్, బేరింగ్ అరస్తా ఉండాది" అని ఆయన మొత్తుకుంటున్న సంగతి మాత్రం మెమెంటో మీద రాయలేదు. చోటు చాలలేదేమో.

చల్లగదులకు చలినిచ్చే అమోనియా కంప్రెసర్ చూసుకునే అన్న ఇంకొకాయన ఉన్నాడు. సీజన్ మొత్తంలో ఆయన మెషీన్ ఒక్క గంట ఆగలేదు. మేనేజ్‌మెంట్ కళ్ళు మూసుకుని ఏమీ లేదు, ఆ సంగతీ గమనించింది. "అక్కడ పనేం ఉన్నట్టు లేదే" అని ఆయన హెల్పర్‌ను తీసి ప్యాకింగ్‌లో వేసింది.

ఇప్పుడు మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్‌ను బాగుచెయ్యాలట, సలహాలు రాసిమ్మని సర్క్యులర్ వచ్చింది. బాధ్యత గల ఉద్యోగిగా నా మొదటి సలహా: అన్ని మెషీన్లూ వంతులవారీగా ఆగాలి. దానికో రోస్టర్ వేసి నోటీసు బోర్డులో పెట్టాలి. ఆగని మెషీన్ దగ్గర మనిషి ఎందుకన్న ధర్మసందేహం అప్పుడు ఎవరికీ రాదు.

పట్టేసిన ఆ బేరింగ్ కథ కొంచెం చెప్పుకోవాలి. దాని నంబరు 22216. సీజన్ లేని ఫిబ్రవరిలోనే, ఒకటి తెప్పించండని ఇండెంట్ పెట్టాం. స్టోర్ నుంచి పర్చేజ్‌కు, పర్చేజ్ నుంచి అకౌంట్స్‌కు, అక్కడి నుంచి మళ్ళీ స్టోర్‌కు అది తిరిగిన తిరుగుడు మా పల్పర్ కూడా తిరగలేదు. మూడు కొటేషన్లు కావాలన్నారు. మూడూ వచ్చేసరికి మొదటి దాని గడువు తీరిపోయింది. ఈలోగా జూన్ వచ్చింది, కాయ వచ్చింది, బేరింగ్ అరిచింది, పట్టేసింది. ఆ రాత్రి జీఎం గారు ఫోన్‌లోనే "ఎంతైనా ఫరవాలేదు, తెండి" అన్నారు. మా కుర్రోడు బైకు మీద వేలూరు పోయి, కొట్టు ఆయన్ను నిద్ర లేపి, అడిగినంత పోసి తెచ్చాడు. కొటేషన్ ఒకటే, అదీ నోటిమాట.

ఫిబ్రవరి బేరింగ్ ఆగస్టులో వచ్చింది. అట్ట పెట్టె విప్పి చూస్తే 22216 కాదు, 22216కే. వెనకాల ఆ 'కే' ఉందంటే లోపలి రంధ్రం ఒకవైపు సన్నబడుతూ పోతుంది, దాన్ని బిగించడానికి వేరే స్లీవ్ కావాలి. మా షాఫ్టు నున్నగా సమానంగా ఉంటుంది, దానికిది ఎక్కదు. ఇదే మాట పర్చేజ్ ఆయనకు చెప్పాను. ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "అదే రేటుకి ఒక అక్షరం ఎచ్చుగానే ఇచ్చినాడు గదప్పా" అన్నాడు. ఆ బేరింగ్ ఇప్పటికీ స్టోర్‌లో నూనె కాగితంలో భద్రంగా ఉంది. ఆడిట్‌లో 'స్పేర్ సిద్ధం' అని దానికో టిక్కు కూడా పడింది.

టిక్కంటే చెక్‌లిస్టులు గుర్తొచ్చాయి. మాకు పీఎం, అంటే మెషీన్ చెడకముందే చూసుకునే మెయింటెనెన్స్, చెక్‌లిస్టులకు కొదవ లేదు. బేరింగ్ వేడి, బెల్టు బిగువు, గ్రీజు, బోల్టులు, ఒక్కో దానికి 31 గళ్ళు. మొన్నొకసారి పాత ఫైలు తిరగేస్తే ఫిబ్రవరి 30న, 31న కూడా బేరింగ్ వేడి 62 డిగ్రీలే ఉంది. లేని రోజున కూడా మెషీన్ ఇంత నిలకడగా ఉంటే మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? నా రెండో సలహా ఖర్చు లేనిది. కాణిపాకం మనకు పన్నెండు కిలోమీటర్లు కూడా లేదు. నెలాఖరున చెక్‌లిస్టు పట్టుకుని బస్సెక్కి, కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు సంతకం పెట్టాలి. ఆ నెలలో ఎన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయో చూద్దాం.

మా జీఎం గారు ఈమధ్య ఒక సంగతి చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద గస్తీ తిరిగే బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాలను 50 గంటలకోసారి తనిఖీ చేసేవాళ్ళు. ఆ తనిఖీ అయిన వెంటనే రిపేర్లు ఎక్కువవుతున్నాయని శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఊరికే విప్పడం తగ్గిస్తే విమానాలు ఇంకా బాగా ఎగిరాయి. నిజమే. వాళ్ళు ముందు లెక్కగట్టి, తర్వాత తగ్గించారు. మా వాళ్ళు లెక్కగట్టే శ్రమ కూడా తగ్గించారు.

మేం మెషీన్లను అసలు ముట్టుకోమని అనుకోకండి. ఆయుధపూజ ఉంది కదా. 1971 ప్రాంతంలో జపాన్‌లో సెయిచి నకజిమా టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) అనే, మెషీన్ల బాగోగులు అందరూ చూసుకునే పద్ధతికి రూపమిచ్చాడు. అందులో ఆపరేటరు ఎక్కాల్సిన మొదటి మెట్టు, తన మెషీన్‌ను తనే తుడుచుకోవడం. తుడుస్తుంటేనే పగులు, కారుడు, వదులైన బోల్టు చేతికి తగులుతాయని. ఆ మెట్టు మేం ఎప్పటినుంచో ఎక్కుతున్నాం. ఏడాదికొకసారి ఎక్కి, బొరుగులూ పప్పులూ తిని, దిగిపోతాం.

పోయినసారి నేను దగ్గరుండి చూశాను. బనియన్ వేస్టుతో గేర్‌బాక్స్‌ను అద్దంలా తుడిచారు. జిడ్డు పోయేసరికి సీల్ దగ్గర ఆయిల్ సన్నగా కారుతున్నది బయటపడింది. నకజిమా బతికుంటే చంకలు గుద్దుకునేవాడు. మా వాళ్ళు ఆ తడి మీద చక్కగా పసుపు అద్దారు. పీల్చుకుంది. పక్కనే ఆయిల్ మట్టం చూసే గుండ్రటి గాజు, రూపాయి బిళ్ళంత ఉంటుంది. గుండ్రంగా ఏది కనబడినా బొట్టు పెట్టకుండా ఉండలేం కదా, సరిగ్గా దాని మధ్యన తడి కుంకుమ పెట్టారు. నేను గోటితో గీకబోతే సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకుని "పండగ పూట వద్దు సార్" అన్నాడు. అప్పటినుంచి లోపల ఆయిల్ ఎంత ఉందో ఆ అమ్మవారికే తెలియాలి.

ఇక విచారణల సంగతి. టొయోటాలో తైచి ఓనో 'ఎందుకు' అని ఐదుసార్లు అడగమన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా మన శాఖదే. మెషీన్ ఎందుకాగింది? లోడెక్కువై ఫ్యూజు పోయింది. లోడెందుకు? బేరింగ్‌కు ఆయిల్ అందలేదు. ఎందుకు? పంపు సరిగా తోడలేదు. ఎందుకు? పంపు షాఫ్టు అరిగింది. ఎందుకు? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఇంటికి పోవాల్సినవాడు జల్లెడ పెట్టి పోతాడు. మేమూ ఐదుసార్లు అడుగుతాం, కాకపోతే 'ఎవరు' అని. షిఫ్టులో ఎవరు? గ్రీజు ఎవరు? తాళం ఎవరి దగ్గర? ఐదో ఎవరు దగ్గర దొరికేది ఎప్పుడూ ఒక్కడే, పని మానేసి బెంగళూరు వెళ్ళిపోయిన కాంట్రాక్టు పిల్లోడు. మా ఫ్యాక్టరీలో మూడేళ్ళ నష్టాలన్నీ వాడి ఖాతాలోనే ఉన్నాయి. వాడు పనిచేసింది ఇరవై రెండు రోజులు.

విచారణ రిపోర్టులో ఆ పదిహేడు గంటలకు నష్టమెంత అన్న గడిలో 'నిల్' అని ఉంది. అదీ అబద్ధం కాదు. పల్పర్ ఆగితే గేటు వేస్తాం. గేటు బయట ట్రాక్టర్లు బైపాస్ దాకా నిలబడతాయి. ఎండకు మెత్తబడే కాయ ఇంకా రైతుదే, మాది కాదు. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం 12 అని ప్రకటించారు. నీరుకారిన కాయకు ఆ పన్నెండూ రావు. ఆ రాత్రి టార్పాలిన్ కింద పడుకున్న ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఏం నాయనా, మిషన్ లేసిందా?" అని అడిగాడు, ఇంట్లో మనిషికి జ్వరం తగ్గిందా అన్నట్టు. నష్టం గడి ఆయన చేతికిచ్చి నింపమంటే బాగుండేది. అది మాత్రం సలహాగా రాయలేదు. నా ఇంక్రిమెంట్ ఇంకా పెండింగ్‌లో ఉంది.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. పల్పర్‌ను ట్రయల్‌కు తిప్పారు. ఫిట్టరన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. ఈసారి రెండో వైపుది అరుస్తోందట. జేబులో పెన్ను తీసి, "ఇండెంట్ రాద్దామా అన్నా?" అన్నాను.

"ఇప్పుడెందుకు సార్," అన్నాడు స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ. "జూన్ దాకా లాగుతాదిలే. మా ఇంట్లో ఇద్దరు ఆడబిడ్డలు గదా, పోయినసారిచ్చిన శాలువాకు పొద్దస్తమానం కొట్లాడతా ఉండారు."