"నేల తగిలితే ఫంబుల్ కాదు" అనేవాళ్లకి ఒక్క మాట

ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్ జరిగే ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపుల్లో ఈ ముక్క వినపడాల్సిందే: "నేల తగిలి బాల్ జారితే అది ఫంబుల్ కాదు, రిఫరీకి కళ్లు కనపడట్లేదు." ఫంబుల్ అంటే పట్టులో ఉన్న బాల్‌ని ఆట నడుస్తుండగా పోగొట్టుకోవడం. కామెంటేటర్లు ఏళ్ల తరబడి అని అని జనం నోళ్లలో నాటేసిన మాట ఇది. ఇందులో నిజం సగమే. ఆ మిగతా సగం దగ్గరే గొడవంతా.

ఎన్ఎఫ్ఎల్‌లో రన్నర్ (బాల్ పట్టుకుని పరిగెత్తేవాడు) డౌన్ అవ్వాలంటే, అంటే అతని ఆట అక్కడితో ముగియాలంటే, రెండు జరగాలి. ప్రత్యర్థి ఎవరో ఒకరు అతన్ని తాకాలి. చేతులూ పాదాలూ కాకుండా ఇంకేదైనా, అంటే మోకాలో మోచేయో వీపో, నేలకి తగలాలి. అంతే, ఆట అక్కడితో ఆగింది. ఆ తర్వాత బాల్ జారినా ఎగిరిపోయినా లెక్కలోకి రాదు. జనం మాట పుట్టింది ఇక్కడే. కానీ ఎవరూ తాకకుండా తనంతట తనే కాలు జారి పడ్డాడనుకోండి. మోచేయి నేలకి కొట్టుకుని బాల్ బయటికొస్తే అది నిఖార్సైన ఫంబుల్, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. తాకినా సరే, మోకాలి కంటే ముందు చేతిలోని బాల్ నేలకి తగిలి జారిపోయినా ఫంబులే, ఎందుకంటే బాల్ నేలకి తగిలినంత మాత్రాన రన్నర్ డౌన్ అయినట్టు కాదు. రీప్లేలో చూడాల్సింది మూడే: తాకడం, ఒళ్లు నేలకి తగలడం, బాల్ వదులవడం. ఏది ముందు, ఏది వెనక అన్నదే తీర్పు.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ మొదటి షరతు లేదు. ఎవరూ తాకకపోయినా మోకాలు ఆనితే డౌనే. అందుకే శనివారం కాలేజీ మ్యాచ్‌లు చూసి అలవాటైనవాళ్లు ఆదివారం టీవీ ముందు గోల చేస్తారు.

పాస్ పట్టే రిసీవర్ సంగతి పూర్తిగా వేరు. బాల్ మీద పట్టు, రెండు పాదాలు లోపల, ఆపైన ఇంకో అడుగు వేయడమో, బాల్‌ని ముందుకి చాచడమో, అలాంటిది చేసేంత సమయం ఉండడమో కావాలి. ఇవన్నీ పూర్తికాకముందే కింద పడి బాల్ జారితే అది ఇన్‌కంప్లీట్, అంటే పట్టని పాస్ కిందే లెక్క. చేతికే రాని బాల్‌ని పోగొట్టుకోవడం ఎలా కుదురుతుంది? మఫ్ కూడా ఇంతే. పంట్ (ప్రత్యర్థి కాలితో తన్ని పంపిన బాల్) పట్టబోయి చేతుల్లోంచి జారవిడిస్తే అది మఫ్, ఫంబుల్ కాదు. తన్నిన జట్టు దాన్ని దక్కించుకోవచ్చు గానీ పట్టుకుని ముందుకి పరిగెత్తకూడదు. ఒకసారి గట్టిగా పట్టుకుని, పరిగెత్తాక పోగొట్టుకుంటే మాత్రం ఫంబుల్, అప్పుడు ఎంత దూరమైనా పరిగెత్తొచ్చు.

టక్ రూల్‌ని (విసరబోయిన చెయ్యి ముందుకి కదిలాక, బాల్‌ని వెనక్కి లాక్కుంటూ జారవిడిచినా ఇన్‌కంప్లీటే అన్న పాత రూల్) ఇంకా పట్టుకు వేలాడేవాళ్లున్నారు. 2002 జనవరిలో మంచులో జరిగిన ప్యాట్రియాట్స్, రైడర్స్ ప్లేఆఫ్‌లో రైడర్స్ ఆటగాడు చార్లెస్ వుడ్సన్ కొట్టిన దెబ్బకి ప్యాట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) టామ్ బ్రేడీ బాల్ వదిలేసినా, అది ఇన్‌కంప్లీట్ అని తేల్చారు. అప్పటి రూల్ ప్రకారం తీర్పు సరైనదే, చెత్తగా ఉన్నది రూల్. 2013లో దాన్ని తీసిపారేశారు. ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ బాల్‌ని వెనక్కి, ఒంటివైపు లాక్కోవడం మొదలుపెట్టాక జారితే ఫంబులే. ఇంకా "చెయ్యి ముందుకే కదిలింది కదా" అని వాదించకండి.

ఇక అసలు విషయం. ఫంబుల్ రూల్స్‌లో చాలావాటికి మూలం ఒక్కటే: బాల్ వదిలేసి నువ్వు లాభపడకూడదు. వాటిలో ఒక రూల్‌కి కారణం 1978 సెప్టెంబర్ 10న శాన్ డియేగోలో చార్జర్స్ మీద రైడర్స్ ఆడిన నాటకం. పది సెకన్లు మిగిలాయి, ఓడిపోతున్నారు. చార్జర్స్ 24 యార్డ్ లైన్ దగ్గర దొరికిపోబోతూ రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ కెన్ స్టేబ్లర్ బాల్‌ని ముందుకి విసిరేశాడు. పీట్ బనాజక్ దాన్ని ఇంకా ముందుకి నెట్టాడు, డేవ్ కాస్పర్ కాలితో తోసి ఎండ్ జోన్‌లో (మైదానం చివర పాయింట్లు దక్కే చోట) దానిమీద పడ్డాడు. టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు) ఇచ్చారు, 21-20తో రైడర్స్ గెలిచారు. కావాలనే చేశానని స్టేబ్లర్ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. మరుసటి ఏడాదే రూల్ మార్చారు: నాలుగో డౌన్‌లోనూ (ఇక్కడ డౌన్ అంటే జట్టుకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి), ఏ హాఫ్‌లోనైనా రెండు నిమిషాల వార్నింగ్ తర్వాతా, అంటే చివరి రెండు నిమిషాల్లోనూ, బాల్ పోగొట్టుకున్నవాడే దాన్ని పట్టుకుని ముందుకెళ్లాలి. అతని జట్టులో ఇంకొకరు ముందెక్కడో పట్టుకుంటే, జారిన చోటికే వెనక్కి తెస్తారు. ప్రత్యర్థులకి ఈ ఆంక్ష లేదు. మిగతా సమయాల్లోనూ లేదు. "వాళ్లకి ఇచ్చారు, మాకివ్వలేదు" అనేముందు ఏ డౌనో, గడియారం ఎంత చూపిస్తోందో చూడండి.

ముందుకి జారి పక్క గీత దాటిన బాల్‌కీ అదే సూత్రం. జారిన చోటికే తిరిగొస్తుంది. వెనక్కి జారి బయటికి పోతే, బయటికెళ్లిన చోటే పెడతారు. క్రికెట్‌లో బౌండరీ తాడు తొక్కుతూ బాల్ ముట్టుకుంటే ఫోరే కదా, ఇక్కడా అంతే. ఒక కాలు గీత బయట ఉన్నవాడు దొర్లుతున్న బాల్‌ని తాకితే అది బయటికి పోయినట్టే లెక్క.

అందరికీ కడుపు మండేది మాత్రం ప్రత్యర్థి ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయే ఫంబుల్. గోల్ లైన్‌కి (ఎండ్ జోన్ మొదలయ్యే గీతకి) అర అడుగు ముందు బయటికి పోతే బాల్ మీకే. అర అడుగు తర్వాత పోతే టచ్‌బ్యాక్, ప్రత్యర్థికి 20 యార్డ్ లైన్ దగ్గర బాల్. 2017 డిసెంబర్‌లో రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ కౌబాయ్స్ మీద పైలాన్ (గోల్ లైన్ మూలలో నిలబెట్టే గుర్తు) వైపు దూకి ఇలాగే పోగొట్టుకున్నాడు, 20-17తో మ్యాచ్ పోయింది. 2021 జనవరిలో బ్రౌన్స్ ఆటగాడు రషార్డ్ హిగ్గిన్స్ వల్ల చీఫ్స్‌కి అదే వరం దక్కింది. 2024 జనవరిలో చీఫ్స్ ఆటగాడు మెకోల్ హార్డ్‌మన్ బిల్స్ మీద అదే తప్పు చేశాడు. కాబట్టి ఏ జట్టు కోసమో పెట్టిన రూల్ కాదిది.

నా మట్టుకు ఈ రూల్ ఉండాల్సిందే. కఠినంగా ఉంది, ఒప్పుకుంటా. కానీ తీసేసి బాల్ అఫెన్స్‌కే (దాడి చేసే జట్టుకే) ఇస్తే, గోల్ లైన్ దగ్గర ప్రతివాడూ చెయ్యి చాచి జూదం ఆడతాడు: అందితే ఆరు పాయింట్లు, జారితే మళ్లీ వాళ్ల బాలే. ఎండ్ జోన్ కాపాడుకునేది డిఫెన్స్, అక్కడికి బాల్‌ని తోసింది మీరు. అదే డిఫెన్స్‌వాళ్లు తాము దక్కించుకున్న బాల్‌ని తమ ఎండ్ జోన్‌లోకి తెచ్చుకుని బయటికి పోగొడితే సేఫ్టీ, రెండు పాయింట్లు వాళ్ల మీద పడతాయి.

డిఫెన్స్ కూడా ఇష్టమొచ్చినట్టు చేయకూడదు. ఎండ్ జోన్‌లో దొర్లే బాల్‌ని కావాలని కొట్టడం నేరం, ఏ దిక్కుకైనా సరే, పది యార్డ్‌లు పెనాల్టీ. 2015 అక్టోబర్‌లో సియాటిల్ ఆటగాడు కే.జే. రైట్ సరిగ్గా అదే చేశాడు. కెల్విన్ జాన్సన్ చేతిలోంచి కామ్ చాన్స్‌లర్ కొట్టేసిన బాల్‌ని ఎండ్ జోన్ వెనక్కి తట్టేశాడు. ఫ్లాగ్ పడలేదు (రిఫరీలు తప్పు పట్టలేదు), టచ్‌బ్యాక్ ఇచ్చారు, డెట్రాయిట్ 13-10తో ఓడింది. తప్పు జరిగిందని లీగే ఒప్పుకుంది. రిఫరీలని తిట్టాలనుకుంటే ఇలాంటివాటికి తిట్టండి, నేనూ కలుస్తాను. ఫస్ట్ డౌన్‌లో, చేతిలో ఇంకా మూడు అవకాశాలున్నప్పుడు, ఒంటి చేత్తో బాల్ చాచి పైలాన్ మీదికి దూకేవాణ్ణి మాత్రం వెనకేసుకురాకండి.